విప్పకూడని కట్టలు

బడి ల్యాబ్‌లో అటెండరు పని అంటే సీసాలు కడగడమని నాకు చెప్పారు. చేరిన రోజు చెప్పారు, దిగిపోయిన రోజు దండ వేసి మళ్ళీ అదే చెప్పారు. కాదనను. మధ్యలో గడిచిన ఏళ్ళన్నీ నేను కడిగింది సీసాలే. కాని సీసాలో ఏముందో తెలియకుండా కడిగితే చెయ్యి కాలుతుంది. తెలుసుకుంటూ కడిగితే కొంత చదువు వస్తుంది. నాకు వచ్చిన చదువు అలాంటిదే.

నా స్థానంలోకి ఒక అమ్మాయి వచ్చింది. డిగ్రీ చదివింది. తాళాలు అప్పగిస్తుంటే, "ఏం చెయ్యాలో ఒక కాగితం మీద రాసివ్వండి మామ్మగారూ" అంది. ఒక కాగితం చాలలేదు. అందుకని ఇలా కూర్చుని రాస్తున్నాను. నేను చదివింది ఐదో తరగతి. పెద్ద మాటలు రావు. రిజిస్టర్లు ఎలా నింపాలో ఆఫీసువాళ్ళు చెబుతారు. వాళ్ళు చెప్పనివి మాత్రం రాస్తాను.

మాది అరకు లోయలో గిరిజన ఆడపిల్లల గురుకులం. పదో తరగతి దాకా ఉంది. ల్యాబ్ అంటే ఒకటే గది. నాలుగు రాతి బల్లలు, ఒక కుళాయి, తలుపు సరిగా పడని ఒక బీరువా. చలికాలం పొద్దున్నే ఆ కుళాయి కింద చెయ్యి పెడితే వేళ్ళు మనవి కావనిపిస్తుంది. పిల్లలు నన్ను ల్యాబమ్మ అనేవారు. నా పేరు సన్యాసమ్మ అని వాళ్ళలో చాలామందికి తెలియదు.

మిగిలింది సీసాలో పోయకండి

ముందు నా తప్పు చెబుతాను. పెద్దవాళ్ళ తప్పులు వింటే చిన్నవాళ్ళకు బాగా గుర్తుంటాయి.

చేరిన కొత్తలో సైన్స్ మాస్టారు ఒకాయన ఉండేవారు. విజయనగరం వైపు మనిషి. సన్నగా ఉండేవారు. చొక్కా చేతికి ఎప్పుడూ ఏదో ఒక మరక. ఒకరోజు పిల్లలకు సిల్వర్ నైట్రేటుతో ప్రయోగం చూపించారు. అది వెలుతురు తగలకుండా ముదురు రంగు సీసాలో వస్తుంది. ఖరీదైన సరుకు. క్లాసు అయ్యాక బీకరులో కొంచెం మిగిలింది. పారబోయడానికి నాకు చెయ్యి రాలేదు. మా ఇంట్లో గంజి కూడా పారబోయం. గరాటు పెట్టి ఆ మిగిలింది తిరిగి సీసాలో పోశాను. అంతకు గంట ముందు అదే గరాటుతో ఉప్పునీళ్ళు పోశామని, దాన్ని కడగలేదని నాకు తట్టలేదు.

పోస్తుండగానే సీసాలోదంతా విరిగిన పాలలా తెల్లగా అయిపోయింది.

మాస్టారు వచ్చి చూశారు. "ఏటమ్మా సన్యాసమ్మా, ఏటి చేశావు?"

"పారబోస్తే పాపమని పోశానండి."

"పొదుపు చేశావన్నమాట."

తిడతారనుకున్నాను. ఆయన స్టూలు లాక్కుని కూర్చుని, నన్నూ కూర్చోమన్నారు. బోర్డు మీద రాశారు: AgNO₃ + NaCl → AgCl + NaNO₃. "ఈ కిందకు దిగిన తెల్లది వెండి. నీ ఉప్పులో ఉన్న క్లోరిన్‌ని పట్టుకుంది. ఈ NO₃ చూడు. నైట్రోజన్ ఒకటి, ఆక్సిజన్లు మూడు, నాలుగూ కలిసి ఒక గుంపు. వెండి దగ్గర ఉన్నప్పుడూ గుంపే, సోడియం దగ్గరకు పోయినా గుంపే. పుస్తకంలో బహుపరమాణుక అయాను అంటారు. ఆ పేరు నీకు గుర్తుండకపోయినా ఏం పర్వాలేదు."

"అడ్డాకుల కట్టలాగానండీ?" అన్నాను.

"అదేటి?"

చెప్పాను. మా అమ్మ అడవిలో అడ్డాకు కోసి, పుల్లలతో విస్తళ్ళు కుట్టి, కట్టలు కట్టి సంతకు తెచ్చేది. ఒక కట్టలో ఎన్ని ఉండాలో మా ఊరంతటికీ ఒకటే లెక్క. సంతలో షావుకారు కట్టలు లెక్కపెడతాడు గాని లోపలివి లెక్కపెట్టడు. ఎవడైనా కట్ట విప్పి లెక్కపెట్టాడంటే మన మాట మీద నమ్మకం లేదని అర్థం. అలాంటివాడికి మా ఊరివాళ్ళు మళ్ళీ సరుకు వెయ్యరు. కట్ట ఒకరి బుట్టలోంచి ఇంకొకరి బుట్టలోకి పోతుంది, అంతే.

మాస్టారు కాసేపు నవ్వారు. "అయితే నీకు వచ్చేసింది. మా పిల్లలకి నెలరోజులు చెప్పినా రావడం లేదు."

ఆ సీసా పనికిరాకుండా పోయింది. దాని మూలంగా నాకు రెండు సంగతులు తెలిశాయి. మిగిలింది ఎంత ఖరీదైనదైనా సీసాలోకి తిరిగి పోయకూడదు. పొదుపు చెయ్యాలంటే తీసుకునేటప్పుడే తక్కువ తీసుకోవాలి. రెండోది ఆ కట్టల లెక్క. అది నాకు పదిహేనేళ్ళు దాటాక గాని అక్కరకు రాలేదు. అక్కరకు వచ్చినప్పుడు నేను దాన్ని సగమే నేర్చుకున్నానని తేలింది.

తరవాత వచ్చినవాళ్ళు

మాస్టారు బదిలీ అయ్యాక ఒకాయన వచ్చారు. సమీకరణాలన్నీ ఒక పెద్ద కాగితం మీద రాసి గోడకు అంటించి, రోజూ పొద్దున పిల్లల చేత పాటలా చదివించేవారు. పిల్లలు పాసయ్యేవారు. ఆయన వెళ్ళిపోయాక ఆ కాగితం చీకిపోయింది, దాంతోపాటు చదువూ పోయింది. ఆయన మీద నాకు కోపం లేదు. ప్రయోగం చూపించాలంటే సామాను తియ్యాలి, కడగాలి, పగిలితే సంజాయిషీ రాయాలి. చాలామంది అక్కడే ఆగిపోతారు.

ఒక హెడ్మిస్ట్రెస్ ఉండేవారు. ల్యాబ్ తాళం ఆవిడ హ్యాండ్‌బ్యాగులోనే ఉండేది. ఏడాది చివర ఒక్క గాజు సామాను కూడా పగల్లేదని సంతోషపడేవారు. సామాను పగలని ల్యాబ్ అంటే పిల్లలు అడుగుపెట్టని ల్యాబ్ అని నా అభిప్రాయం. గాజు పగలడం నాకూ ఇష్టం ఉండదు. ఒక టెస్ట్‌ట్యూబు పగిలితే ఆ రోజంతా నాకు అన్నం సయించదు. అయినా తలుపు తీసే ఉంచాలి.

పటిక నీళ్ళు

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మూడేళ్ళ కిందటి మాట.

ఆ ఏడాది మా బడికి సైన్స్ చెప్పేవాళ్ళు లేరు. పోస్టు ఖాళీ. ఇవాళ వస్తారు రేపు వస్తారు అంటూనే పబ్లిక్ పరీక్షలు వచ్చేశాయి. ఏడుగురు పిల్లలు సైన్స్ తప్పారు. అప్పటి హెడ్మిస్ట్రెస్ ఇంకొకావిడ. తెలుగు పాఠం చెప్పేవారు, మంచి మనిషి. నన్ను పిలిచి, "సప్లిమెంటరీకి పది రోజులు వీళ్ళని హాస్టల్లో ఉంచుతాను. నువ్వు ల్యాబ్ తెరిచి పెట్టు. వాళ్ళే చదువుకుంటారు" అన్నారు.

వాళ్ళంతట వాళ్ళు ఏం చదువుతారు? పుస్తకం తెరిచి గోడ వైపు చూస్తూ కూర్చున్నారు. అటెండరు పాఠం చెప్పకూడదు. నాకు తెలుసు. అయినా రెండో రోజు నుంచి మొదలుపెట్టాను. కుర్చీలో కూర్చునే మనిషి లేనప్పుడు, నేల ఊడ్చే మనిషికి తెలిసినదేదో చెబితే తప్పేమిటనుకున్నాను. ఆ మాట ఇప్పుడు అంత ధైర్యంగా అనలేను.

ఆ ఏడుగురిలో జమున అనే పిల్ల ఉంది. అనంతగిరి దాటాక కొండ మీద ఊరు. మాట తక్కువ. కింది తరగతుల నుంచీ నాతోపాటు ట్యూబులు కడిగేది. చెప్పింది చెప్పినట్టు చేసేది, చెప్పనిది ముట్టుకునేది కాదు. ఐదు మార్కుల్లో తప్పింది. "వాళ్ళ నాన్న ఇంకొక్కసారే అన్నాడట" అని హెడ్మిస్ట్రెస్ చెప్పారు. ఈసారి పాసైతే పైచదువు. లేకపోతే కాఫీ తోటలో పని, వెనకాలే పెళ్ళి. ఆ పిల్లకు నర్సు కావాలని ఉంది. తనకు తానుగా ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. నేను అడిగితే తల ఊపింది.

పటికకు సున్నం కలిపే సమీకరణం రాసి ఇచ్చాను. మా వైపు వానాకాలం గెడ్డ నీళ్ళు, అంటే కొండవాగు నీళ్ళు, ఎర్రగా వస్తాయి. బిందెలో పటిక తిప్పితే మడ్డి అడుగుకు దిగి పైన నీళ్ళు తేటపడతాయి. పిల్లలందరూ ఇళ్ళలో చూసినదే. Al₂(SO₄)₃ + Ca(OH)₂ → Al(OH)₃ + CaSO₄. రెండు పక్కలా సమానం చెయ్యమన్నాను.

జమున ఆక్సిజన్లు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఎడమ పక్క పన్నెండు, ఇంకో రెండు. కుడి పక్క మూడు, ఇంకో నాలుగు. కొట్టేసింది. మళ్ళీ రాసింది. మళ్ళీ కొట్టేసింది. రబ్బరు అరిగిపోతోంది. రబ్బరు అరగడం నేను చూడలేను.

"ఏటే గుంటా, ఆకులు లెక్కపెడతన్నావా?"

"ఏ ఆకులు ల్యాబమ్మా?"

"అడ్డాకు కట్ట ఎప్పుడైనా మోశావా?"

"మోశాను."

"సంతలో ఇప్పి లెక్కపెట్టనిస్తావా?"

"ఎందుకిస్తాను? మాయమ్మ తంతాది."

"మరి ఇక్కడెందుకు ఇప్పుతన్నావు? ఈ SO₄ ఒక కట్ట. ఎడమ పక్క ఎన్ని కట్టలున్నాయి?"

బ్రాకెట్ బయట ఉన్న అంకె చూసింది. "మూడు."

"కుడి పక్క?"

"ఒకటే. ఇక్కడ కింద మూడు ఏసేదా?"

"కట్టలో ఇంకో ఆకు కుట్టకు. అప్పుడది సల్ఫేటు కాదు, ఇంకేదో అయిపోతాది. ముందర అంకె పెట్టు. మూడు కట్టలు తే."

CaSO₄ ముందు మూడు పెట్టింది. దాంతో కాల్షియంలు మూడయ్యాయి. ఎడమ పక్క కూడా కాల్షియం మూడు చెయ్యాలి కాబట్టి Ca(OH)₂ ముందు మూడు పెట్టింది. అప్పుడు OH కట్టలు ఆరు. కుడి పక్క అల్యూమినియం రెండు కావాలి, Al(OH)₃ ముందు రెండు పెడితే అక్కడా OH కట్టలు ఆరే. పెన్సిలు బల్ల మీద పెట్టి నా వైపు చూసింది.

"అయిపోనాదా?"

"అయిపోయింది."

"ఇంతేనా ల్యాబమ్మా?"

"ఇంతే."

మిగతా ఆరుగురూ ఆ బల్ల చుట్టూ చేరారు. నాలుగు రోజుల్లో సల్ఫేటులు, నైట్రేటులు, ఫాస్ఫేటులు అన్నీ కట్టల లెక్కలో చేసేస్తున్నారు. నాకు గర్వం వచ్చింది. గర్వం వచ్చినప్పుడు మనిషి గొంతు పెద్దదవుతుంది. "ఎవరైనా కట్ట ఇప్పారో, స్కేలుతో చేతిమీద కొడతాను" అన్నాను. ఏడుగురూ "అలాగే ల్యాబమ్మా" అన్నారు.

ఏడు కాగితాలు

పదో రోజున ఒక చిన్న పరీక్ష పెట్టాను. ప్రశ్నలు పుస్తకం వెనకనుంచి నేనే ఎత్తి రాశాను. ఆ మధ్యాహ్నమే పిల్లలందరూ ఇళ్ళకు వెళ్ళిపోయారు. కొండ ఊళ్ళలో ఇటుకల పండగ. విత్తనాలు వెయ్యబోయే ముందు చేసుకునే పండగ అది. ఆ రోజుల్లో మగవాళ్ళు వేటకు పోతారు. పండగ అయ్యాక పిల్లలు హాస్టలుకు రారు, నేరుగా పరీక్ష సెంటరుకే పోతారు. పరీక్షకు ఇంకా నాలుగు రోజులుంది.

ఒకవైపు ఖాళీగా ఉన్న కాగితాలను నేను పారెయ్యను. బీకర్లు చుట్టడానికి, బల్ల తుడవడానికి పనికొస్తాయి. మర్నాడు ఆ ఏడు కాగితాలూ చింపబోతూ ఊరికే చూశాను. కట్టల లెక్కవి ఏడుగురూ సరిగ్గా చేశారు. కాని ఒక ప్రశ్న దగ్గర ఆగిపోయాను. Na₂CO₃ + HCl → NaCl + H₂O + CO₂. ఇద్దరు "ప్రశ్న తప్పు" అని రాశారు. ఒకమ్మాయి "కుడి పక్క CO₃ కట్ట రాయడం మరిచిపోయారు" అని రాసింది. ముగ్గురు ఏదో కెలికి వదిలేశారు. జమున అసలు ఏమీ రాయకుండా శుభ్రంగా ఖాళీ ఉంచింది. లెడ్ నైట్రేటును వేడిచేసేది, సున్నపురాయిని కాల్చేది, అవీ అంతే. ఆ మూడింటి దగ్గరా ఏడు కాగితాలూ ఒకే మాట చెబుతున్నాయి.

పుస్తకం తీసి చూశాను. ప్రశ్న తప్పు కాదు.

బీరువాలోంచి చాకలి సోడా తీసి, టెస్ట్‌ట్యూబులో వేసి, ఆమ్లం నాలుగు చుక్కలు పోశాను. బుసబుస పొంగింది. వెలిగించిన అగ్గిపుల్ల మూతి దగ్గర పెడితే ఆరిపోయింది. ఈ పొంగు నేను ఎన్ని వందలసార్లు చూశానో, ఎన్ని వందలసార్లు ఆ ట్యూబులు కడిగానో. ఒక్కసారి కూడా ఆలోచించలేదు. అక్కడ కట్ట విడిపోతోంది. మూడు ఆక్సిజన్లలో రెండు కార్బన్‌ను పట్టుకుని గాలిలోకి పోతున్నాయి, ఒకటి హైడ్రోజన్లతో కలిసి నీళ్ళలోకి పోతోంది. ఇక్కడ కట్టలు వెతికితే దొరకవు, ఆకులే లెక్కపెట్టాలి. మూడుకి మూడు సరిపోతాయి. HCl ముందు రెండు, NaCl ముందు రెండు పెడితే అయిపోతుంది. పటిక లెక్కకంటే తేలిక.

తెలియక తప్పు చెయ్యడం ఒక ఎత్తు. స్కేలు చూపించి తప్పు నేర్పడం ఇంకో ఎత్తు. ఆమ్లాల పాఠంలో ఈ పొంగు ప్రశ్న తప్పకుండా వస్తుంది. ఐదు మార్కుల్లో తప్పిన పిల్ల ఆ జాగా ఖాళీగా వదిలేస్తే మళ్ళీ తప్పుతుంది. ఆ ఖాళీ నేను పెట్టించిన ఖాళీ.

హెడ్మిస్ట్రెస్ దగ్గర ఫోన్ నంబర్లు తీసుకున్నాను. సాయంత్రానికి ఆరుగురు దొరికారు. "గాలి పోయినా, వేడి తగిలినా కట్ట ఇప్పండి. కొట్టను. ఇప్పి ఆకులు లెక్కపెట్టండి" అని ఒక్కొక్కరికీ రెండేసిసార్లు చెప్పాను. "ముందరే సెప్పొచ్చు గదా" అంది ఒకమ్మాయి. దాని మాట నిజమే. జమున వాళ్ళ నాన్న ఫోను మోగలేదు. ఆ ఊళ్ళో సిగ్నల్ లేదు.

రోడ్డుకు అడ్డంగా దుంగ

మర్నాడు పొద్దున్నే బయలుదేరాను. సంచిలో పుస్తకం, వంట సోడా పొట్లం, నాలుగు నిమ్మకాయలు, ఒక స్టీలు గ్లాసు. జమునకు పొంగు చూపించి చెప్పాలని. షేర్ జీపు దొరికింది. దారిపొడుగునా ఏం చెప్పాలో వల్లెవేసుకున్నాను. ఐదో తరగతి చదువుతో నేను పాఠం చెప్పడమేమిటి, అది తప్పని ఇప్పుడు కొండెక్కి చెప్పడమేమిటి.

ఊరికి ఇంకా కొంత దూరం ఉందనగా జీపు ఆగింది. రోడ్డుకు అడ్డంగా పెద్ద దుంగ. దానికి ఆ పక్కా ఈ పక్కా ఆడవాళ్ళు. ఇటుకల పండగలో మగవాళ్ళు అడవిలో ఉంటే రోడ్డు ఆడవాళ్ళది. ఎవరు వచ్చినా పండగకు ఏదో ఒకటి ఇచ్చి దాటాలి, లేకపోతే వాళ్ళ వరసలో చేరి అడుగు కలిపి ఆడాలి. డ్రైవరు వాళ్ళ చేతిలో ఏదో పెట్టి, నన్ను దింపేసి జీపు తిప్పుకుని పోయాడు. నేను దుంగ పక్కనుంచి నడిచిపోదామని చూశాను. ఒకావిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఓ మామ్మా, ఎక్కడికి జారుకుంతన్నావు? పండగ ముట్టజెప్పి ఎల్లు."

"నాను జీపుని కాదు గదమ్మా, మనిషిని. మనుషులకి కూడానా?"

"మనుషులకే. జీపుకి పండగేటి తెలుస్తాది?"

అందరూ నవ్వారు. ఇంకొకావిడ నా సంచిలోకి తొంగిచూసింది. "సోడా, నిమ్మకాయలు. పెళ్ళికి వంట సెయ్యడానికి ఎల్తన్నావేటి?"

"నాకు తొందరగా ఉంది. జమున అనే గుంట కోసం వచ్చాను."

"ఇవ్వకపోతే ఆడాలి."

"మోకాళ్ళ నొప్పులు."

"మాకు నేవా? ఆడతన్నాం గదా."

దుంగకు అటు చివర, కొంగు నడుముకు దోపుకుని నిలబడిన పిల్ల గబగబా వచ్చింది. బళ్ళో పరికిణీ వోణీలో చూసినదాన్ని చీరలో గుర్తుపట్టలేదు. "అత్తా, ఆవిడ మా ల్యాబమ్మ. వదిలెయ్యి."

"ల్యాబమ్మయితే మరీ మంచిది. బాగా సదువుకున్నోళ్ళు బాగా ఇస్తారు."

"నాను సీసాలు కడిగేదాన్నమ్మా" అని, ఇంక ఆలస్యం చెయ్యలేక ఆ దుంగ మీదే కూర్చుని గ్లాసు తీశాను. సోడా వేసి, నిమ్మకాయ పిండాను. నురగ గ్లాసు దాటి నా చేతిమీదకు కారింది. ఆడవాళ్ళు చుట్టూ మూగారు. "పండగకి ఇమ్మంటే నురగ సూపిస్తన్నాదే" అంది ఆ అత్త.

నేను జమున వైపే చూస్తూ చెప్పాను. "నాను నీకు తప్పు సెప్పాను. కట్ట ఎప్పుడూ ఇప్పకూడదన్నాను. ఇలా గాలి వచ్చినచోట కార్బనేటు కట్ట ఉండదు, ఇడిపోతాది. పరీక్షలో ఆ ప్రశ్న వస్తే కాళీగా వదలకు. ఇప్పు. ఇప్పి లెక్కపెట్టు."

జమున తల దించుకుంది. "నాకు తెలుసు ల్యాబమ్మా" అంది.

"ఏటి తెలుసు?"

"నీతోపాటు ట్యూబులు కడిగాను గదా. పొంగడం సూశాను. గాలి పోతే కట్టలో ఆకు ఎగిరిపోయినట్టే గదా అనుకున్నాను. ఇంటికొచ్చి ఆ మూడూ చేశాను. సరిపోనాయి."

"మరి ఆ రోజు కాగితం మీద ఎందుకు రాయలేదు?"

"నువ్వు ఇప్పొద్దన్నావు. నీ ఎదర ఇప్పితే నీ మాట తీసేసినట్టు ఉంటాది. అందుకే ఊరుకున్నాను." మళ్ళీ తనే, "సెంటర్లో దిద్దేది నువ్వు కాదు గదా. అక్కడ రాసేద్దామనుకున్నాను" అంది.

నేను గ్లాసు కొంగుతో తుడిచి సంచిలో పెట్టుకున్నాను. వాళ్ళ అత్త మాత్రం ఊరుకోలేదు. "మన గుంట పంతులమ్మకే మర్యాద సేసిందర్రా. ఇంక ఈవిడ ఆడాల్సిందే."

మూడు నిమ్మకాయలూ వాళ్ళకే ఇచ్చేశాను. సోడా పొట్లం కూడా ఇచ్చాను. అయినా వదల్లేదు. చేతులు పట్టుకుని వరసలో నిలబెట్టారు. నాలుగు అడుగులు వేశాను. మోకాళ్ళు నొప్పి పుట్టాయి. అవన్నీ ఇచ్చేసి తేలికైన సంచితో తిరిగి నడుస్తుంటే, పోయిన నిమ్మకాయల గురించి నాకు దిగులు కలగలేదు. నా సంగతి తెలిసినవాళ్ళకు అదెంత పెద్ద విషయమో అర్థమవుతుంది.

కొత్తగా వచ్చినవాళ్ళకు

ఆ రోజు దారిలో ఒక సంగతి ఆలోచించుకుంటూ దిగాను. పిల్లలు మాట్లాడకుండా ఉంటే అర్థం కాలేదనుకుంటాం, లేకపోతే భయం అనుకుంటాం. మా కొండ పిల్లల దగ్గర మూడో కారణం ఒకటి ఉంది. పెద్దవాళ్ళ మాట తప్పని తెలిసినా వాళ్ళ ఎదుట దాన్ని కొట్టెయ్యరు. ఇంట్లో అది మంచి గుణం. ల్యాబ్‌లో దానివల్ల ప్రమాదం కూడా రావచ్చు. సీసా మీద చీటీ తప్పుగా ఉందని పిల్లకు తెలిసి కూడా మర్యాదకు ఊరుకుందనుకోండి, ఏమవుతుందో మీరే ఆలోచించండి. అందుకని ఆ తరవాత, ఉన్న కొద్దికాలమూ, ల్యాబ్‌లో పిల్లలకు ఏదైనా చెప్పే ముందు ఒక మాట అనేదాన్ని: "నాను తప్పు చెబితే, తప్పని చెప్పినవాళ్ళు ఆ రోజు ట్యూబులు కడగక్కర్లేదు." మొదట్లో ఎవరూ నోరు విప్పలేదు. తరవాత తప్పులు పట్టడం కోసమే నా వెనక తిరిగేవారు. ట్యూబులన్నీ నేనే కడుక్కున్నాను.

ఇంకో మాట. మీరు కూడా ఏదో ఒక రోజు ఎవరికైనా ఏదో ఒకటి చెప్పాల్సి వస్తుంది. ఖాళీలు అలాగే ఉంటున్నాయి. చెప్పండి. కాని "ఎప్పుడూ" అనే మాట వాడే ముందు బీరువా తెరిచి ఒకసారి చేసి చూడండి. నేను చెయ్యలేదు. నన్ను కాపాడింది నా తెలివి కాదు, ఆ పిల్ల కళ్ళు.

ఫలితాలు వచ్చిన రోజు పొద్దున నేను ల్యాబ్‌లో బల్లలు తుడుస్తున్నాను. తుడిచిన బల్లనే మళ్ళీ తుడుస్తున్నాను. హాస్టల్ పిల్లలెవరూ లేరు. ఆరుగురు ఒకరి తరవాత ఒకరు ఫోన్ చేసి పాసయ్యామన్నారు. ఏడో ఫోను రాలేదు. హెడ్మిస్ట్రెస్ నెట్‌లో చూస్తానన్నారు గాని హాల్‌టికెట్ నంబరు దొరకలేదు. మధ్యాహ్నం అయ్యింది. క్యారేజీ తెరవబుద్ధి కాలేదు.

అప్పుడు ఎవరిదో కొత్త నంబరు మోగింది. మగగొంతు. వెనకాల గాలి హోరు, ఎక్కడో ఎత్తుమీద నిలబడి మాట్లాడుతున్నట్టుంది.

"ల్యాబమ్మేనా?"

"అవును."

"జమున వాళ్ళ నాన్నని. పాసయ్యింది. తవరికి సెప్పమంది."

"అది పక్కనే ఉందా?"

"నేదు. కాలేజీకి కావల్సిన కాయితాలు తెచ్చుకోడానికి తాసిల్దారాఫీసుకి పోనాది. నాను వొద్దన్నా ఆగేటట్టు నేదు."

"నువ్వు వద్దన్నావా?"

"అనలేదు లెండి" అన్నాడు.

ఫోను పెట్టేశాను. క్యారేజీ తెరిచి చల్లారిన అన్నం ఒక్క మెతుకు మిగలకుండా తిన్నాను. తరవాత తుడిచిన రాతిబల్ల మీద తల పెట్టి నిద్రపోయాను. నా ఉద్యోగంలో పట్టపగలు, డ్యూటీలో నిద్రపోయింది ఆ ఒక్కసారే. హెడ్మిస్ట్రెస్ వచ్చి చూసి, తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయారట. ఎందుకు పడుకున్నావని ఆవిడ అడగలేదు, నేనూ చెప్పలేదు.